దేవుడు మంచోడైతే చెడు ఎక్కడిది: పాత క్రైస్తవ పుస్తకాలు తికమక పడకుండా చదవడం ఎలా

ఈ ప్రశ్న పట్టుకుని అగస్టీన్, ఆరిజెన్ లాంటి తొలి శతాబ్దాల క్రైస్తవ రచయితల దగ్గరికి వెళ్ళి పది పేజీలకే పుస్తకం మూసేసినవాళ్ళు నాకు చాలామంది తెలుసు, మొదటిసారి నేనూ అంతే. అగస్టీన్ తన జీవితం గురించి రాసుకున్న కన్ఫెషన్స్ ఒకటో పేజీ నుంచి మొదలెట్టా, చంటిపిల్లల ఏడుపు గురించి, పక్క పిల్లాడు పాలు తాగుతుంటే ఇంకో పిల్లాడు కుళ్ళుకోవడం గురించి అంతసేపు ఎందుకు రాస్తున్నాడో అర్థం కాక పక్కన పడేశా. రెండేళ్ళ తర్వాత ఇంకో చోట తెరిస్తే అదే పుస్తకం రాత్రి పన్నెండు దాకా నిద్రపోనివ్వలేదు. అందుకే ఎక్కడ తెరవాలి, ఏ క్రమంలో చదవాలి, ఎక్కడ జారిపడతాం అన్నది రాస్తున్నా. మీరు నమ్మేవాళ్ళా కాదా అన్నదానితో దీనికి పని లేదు.

పుస్తకం తెరిచే ముందు ఒక పని చెయ్యండి, ఒక కాగితం మీద "చెడు" అని రాసి కింద రెండు గళ్ళు గీయండి, ఒకటి మనిషి చేసే చెడు, రెండోది మనిషి మీద పడే చెడు. ఇది నా సొంత తెలివేం కాదు, ఆన్ ఫ్రీ చాయిస్ ఆఫ్ ద విల్ అనే అగస్టీన్ పుస్తకం మొదలయ్యేదే ఇలా. ఎవోడియస్ అనే స్నేహితుడు వచ్చి చెడుకి కర్త దేవుడేనా చెప్పు అని అడుగుతాడు, అగస్టీన్ అవుననడు కాదనడు, నువ్వు అడిగేది ఏ చెడు గురించి, ఒకడు చేసిందా ఒకడు పడిందా అని ఎదురు అడుగుతాడు. లాటిన్‌లో రెండింటికీ ఒకటే మాట కాబట్టి ఆయన ఆగి విడదీయాల్సి వచ్చింది, మనకి ఆ బాధ తక్కువ, ఒకదానికి పాపం అంటాం రెండోదానికి కీడు అనో కష్టం అనో అంటాం. అయినా తెలుగు బైబిల్‌లో యెషయా 45:7 దగ్గర "సమాధానకర్తను కీడును కలుగజేయువాడను నేనే" అని చదవగానే అందరికీ గుండె గుభేల్మంటుంది, ఇక్కడ కీడు అంటే ఏ గడిలో వెయ్యాలి? చర్చి తండ్రులు, అంటే చర్చి బోధని తీర్చిన ఈ పాత రచయితలు, ఇలాంటి వాక్యాలన్నీ రెండో గడిలోకే తోస్తారు, శిక్ష, విపత్తు, యుద్ధం ఇలాంటివన్నమాట. చెడుకి దేవుడు కర్త కాడు అని వాళ్ళలో ఒకడైన బాసిల్ చేసిన ప్రసంగం ఒకటి ఉంది, అది దాదాపు మొత్తం ఈ విడదీత మీదే నడుస్తుంది. ఆ తోయడం మీకు నచ్చకపోవచ్చు, కానీ వాళ్ళు ఏ గడిలో ఉండి మాట్లాడుతున్నారో పట్టుకోకపోతే ప్రతి పేజీ తొండి ఆటలాగే కనిపిస్తుంది.

ఇక రెండో పని, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. ప్రతి అధ్యాయం పైన పెన్సిల్‌తో ఒక పేరు రాసుకోండి, ఈ రచయిత ఎవరితో కొట్లాడుతున్నాడు అని. వీళ్ళెవరూ తీరిగ్గా కూర్చుని సిద్ధాంతం అల్లినవాళ్ళు కాదు, ఎదురుగా ఎవడో ఒకడు గట్టిగా మాట్లాడుతుంటే వాడికి జవాబు చెప్పినవాళ్ళు. రెండో శతాబ్దంలో మార్సియన్ వచ్చి పాత నిబంధన దేవుడు వేరు, ఏసు చెప్పిన మంచి దేవుడు వేరు అన్నాడు, టెర్టూలియన్ అనే క్రైస్తవ రచయిత దానికి జవాబుగా ఐదు పుస్తకాలు రాశాడు. మనుషుల్లో కొందరు పుట్టుకతోనే రక్షణ పొందేవాళ్ళు, కొందరు పుట్టుకతోనే పోయేవాళ్ళు అని నాస్టిక్ గుంపులు (నాస్తికులు కాదు, రహస్య జ్ఞానంతోనే రక్షణ అనేవాళ్ళు) అంటుంటే ఐరేనియస్ అనే బిషప్, ఆరిజెన్ లేచి కాదు మనిషికి ఎంచుకునే శక్తి ఉంది అన్నారు. అంతా విధి అనేవాళ్ళకి జస్టిన్ అనే ఇంకో క్రైస్తవ రచయిత దాదాపు 155లో రోమ్‌లో జవాబు రాశాడు, అంతా విధే అయితే ఒకణ్ణి మెచ్చుకోవడానికి ఇంకొకణ్ణి తప్పు పట్టడానికి ఏం మిగిలింది అని. ఎదుటి మనిషి ఎవరో తెలియకుండా చదివితే ఒకే రచయిత ఒకచోట స్వేచ్ఛ అని ఇంకోచోట అంతా దేవుడే అని అంటుంటే పిచ్చెక్కుతుంది. అగస్టీన్ విషయంలో మరీను, కాసేపట్లో వస్తా దానికి.

మొదలెట్టాల్సింది మటుకు కన్ఫెషన్స్ 2వ పుస్తకం, తర్వాత నేరుగా 7వ పుస్తకం. దీన్ని ఆయన 397 నుంచి 400 మధ్యలో రాశాడంటారు, మొత్తం 13 పుస్తకాలు, ఒక్కో "పుస్తకం" అంటే మన లెక్కలో పెద్ద చాప్టర్ అంతే, భయపడకండి. నంబర్ల గొడవ ఒకటి ఉంది, 7.5.7 అని ఎక్కడైనా కనిపిస్తే 7వ పుస్తకం, 5వ అధ్యాయం, 7వ పేరా అని అర్థం, మధ్య నంబర్ ఒక పాత పద్ధతి చివరి నంబర్ ఇంకో పాత పద్ధతి, రెండూ కలిపి రాస్తారు. కొన్ని అనువాదాల్లో ఒకటే ఉంటుంది, అందుకని పేజీ నంబర్లతో నోట్స్ రాసుకోవద్దు, అనువాదం మారితే మీ నోట్స్ మొత్తం వేస్ట్. ఫ్రీగా కావాలంటే న్యూ అడ్వెంట్ సైట్లో పందొమ్మిదో శతాబ్దపు అనువాదాలు ఉన్నాయి, ఇంగ్లీషు కాస్త పాతకాలం వాసన, డబ్బులు పెట్టగలిగితే హెన్రీ చాడ్విక్ అనువాదం హాయిగా సాగుతుంది.

2వ పుస్తకంలో చూడాల్సింది బేరిపళ్ళ దొంగతనం. పదహారేళ్ళ వయసులో అగస్టీన్, స్నేహితులు రాత్రిపూట వెళ్ళి పక్క తోటలో చెట్టు దులిపి మోయలేనన్ని పళ్ళు తెచ్చి, ఏవో రెండు కొరికి మిగతావి పందులకి పారేశారు. ఆకలి లేదు, ఇంట్లో ఇంతకన్నా మంచి పళ్ళే ఉన్నాయి. మరి ఎందుకు చేశాను అని ఆయన పేజీలకి పేజీలు తవ్వుతాడు. ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా అని విసుక్కోకండి, కావాలనే చిన్నది ఎంచుకున్నాడు. హత్యకైతే పగ, డబ్బు ఇలా ఏదో కారణం దొరుకుతుంది, దీనికి ఏ కారణమూ దొరకదు, ఆ దొరక్కపోవడమే ఆయన చూపించాలనుకున్నది. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ పనికొస్తుంది.

7వ పుస్తకానికి ముందు మానీ గురించి నాలుగు ముక్కలు తెలియాలి. 216లో మెసపొటేమియా వైపు పుట్టినవాడు. వెలుగు, చీకటి రెండూ మొదట్నుంచీ ఉన్నాయి, రెండిటికీ యుద్ధం, మనలో మంచి వెలుగు ముక్క, చెడు చీకటి ముక్క అన్నాడు. ఇందులో సుఖం ఏంటంటే దేవుడికి మచ్చ అంటదు, పైగా తప్పు చేసింది నేను కాదు నాలోని ఇంకేదో అని చెప్పుకోవచ్చు. అగస్టీన్ తొమ్మిదేళ్ళు ఈ మానీ మతం వాళ్ళతో తిరిగాడు, ఊరికే కాదు. కాబట్టి ఆయన మానీని తిడుతున్నప్పుడల్లా తన పాత మనిషినే తిడుతున్నాడు అనుకుని చదివితే రుచి పెరుగుతుంది.

ఇప్పుడు 7.5.7 తెరవండి. దేవుణ్ణి అంతులేని సముద్రంలా, సృష్టిని అందులో మునిగి నిండా తడిసిన పెద్ద స్పంజిలా ఊహించుకుంటాడు, ఇంత మంచి నీళ్ళు అన్ని వైపులా ఉంటే చెడు ఎటువైపు నుంచి దూరింది అని కొట్టుకుంటాడు. జవాబు 7.12.18లో వస్తుంది, నెమ్మదిగా చదవాల్సిన పేరా అదొక్కటే అన్నా తప్పులేదు. ఆయన వాదన నా మాటల్లో చెప్పాలంటే ఒక పుచ్చు వంకాయ తీసుకోండి, పుచ్చడానికి ముందు అక్కడ బాగున్న వంకాయ ఉండాలి కదా, పుచ్చు ముదిరేకొద్దీ వంకాయ తగ్గుతుంది, వంకాయ మొత్తం పోతే పుచ్చు కూడా ఉండదు. అంటే పుచ్చు అనేది సొంతంగా ఒక వస్తువు కాదు, మంచిదాంట్లో పడ్డ లోటు. చాలా ఏళ్ళ తర్వాత 421 ప్రాంతంలో రాసిన ఎంకిరీడియన్‌లో ఆయనే పుండు ఉదాహరణ ఇస్తాడు, పుండు మానితే అది లేచి ఇంకెక్కడికో వెళ్ళి ఉండిపోదు, లేకుండా పోతుంది అంతే. చెడుకి సొంత ఉనికి లేకపోతే దేవుడు దాన్ని చెయ్యాల్సిన అవసరమూ రాదు, మానీ చెప్పిన చీకటి రాజ్యమూ అక్కర్లేదు.

ఇక్కడే తెలుగు పాఠకులు తొంభై శాతం జారతారు (లెక్క నాదే, సీరియస్‌గా తీసుకోకండి). చెడుకి సొంత ఉనికి లేదు అనగానే ఓహో మాయ అన్నమాట అని మార్జిన్‌లో రాసేసుకుంటారు. కొట్టెయ్యండి. కళ్ళు లేకపోవడం ఒక లోటు, కానీ గుడ్డివాడు గోడకి గుద్దుకుంటే వచ్చే బొప్పి భ్రమ కాదు. అగస్టీన్ బాధ లేదనట్లేదు, బాధకి వెనకాల ఒక చెడ్డ పదార్థం లేదంటున్నాడు. ఈ ఆలోచన ప్లాటో అనుచరుల పుస్తకాల నుంచి ఎత్తుకున్నానని ఆయనే ఒప్పుకుంటాడు, మిలాన్‌లో చదివాడు వాటిని, 387 ఈస్టర్‌కి బాప్తిస్మం తీసుకోవడానికి కాస్త ముందు.

అదే పుస్తకంలో 7.6 వదిలేసి ముందుకెళ్ళిపోకండి, జాతకాలతో పెరిగిన మనకి అది పండగే. ఫిర్మినస్ అనే కలిగినింటి మనిషి ఒక కథ చెప్తాడు, వాళ్ళ నాన్నకి, నాన్న స్నేహితుడికి జాతకాల పిచ్చి ఎంతంటే ఇంట్లో జంతువులు ఈనినా ఘడియలు రాసుకునేవాళ్ళట. ఫిర్మినస్ తల్లి నొప్పులు పడుతున్న టైంకే ఆ స్నేహితుడి ఇంట్లో ఒక బానిస స్త్రీకీ నొప్పులొచ్చాయి, రెండిళ్ళ నుంచీ కబురు చెప్పడానికి బయల్దేరిన మనుషులు సరిగ్గా సగం దారిలో ఎదురుపడ్డారు, అంటే పిల్లలిద్దరూ ఒకే క్షణంలో పుట్టినట్టు. ఫిర్మినస్ డబ్బులో పెరిగాడు, ఆ రెండోవాడు బానిసగానే ఉండిపోయాడు. ఒకే జాతకం చూసి ఇద్దరికీ నిజం చెప్పాలంటే రెండు వేరే మాటలు చెప్పాలి, కాబట్టి జ్యోతిష్యుడు నిజం చెప్పినా అది గుడ్డెద్దు చేలో పడ్డట్టే అని అగస్టీన్ తేల్చేస్తాడు. మీరు ఒప్పుకున్నా లేకపోయినా, ఇది చదివాక ఈ పుస్తకాల్లో ప్రావిడెన్స్ అని వచ్చినప్పుడల్లా విధి అనో తలరాత అనో అనువదించుకోవడం మానేస్తారు. నక్షత్రాల చేతిలో రాత ఉండడం వేరు, ఒక మనసున్నవాడు నడిపించడం వేరు అని వాళ్ళ పట్టు. నేను నోట్స్‌లో "దేవుని ఏర్పాటు" అని రాసుకుంటా, పూర్తిగా అతకదు గానీ తలరాత కన్నా నయం.

స్వేచ్ఛ గురించి మటుకు అగస్టీన్ కన్నా ముందు ఆరిజెన్‌ని చదవండి. అలెగ్జాండ్రియా మనిషి, 185 ప్రాంతంలో పుట్టాడు, కుర్రాడిగా ఉండగానే తండ్రిని విశ్వాసం కోసం చంపేశారు. ఆన్ ఫస్ట్ ప్రిన్సిపుల్స్‌లో 3వ పుస్తకం 1వ అధ్యాయం చాలు. దానికి ముందు మీ ఇంట్లో తెలుగు బైబిల్ ఉంటే నిర్గమకాండం తీసి ఫరో హృదయం గురించి వచ్చే చోట్లన్నీ పెన్సిల్‌తో గీయండి, 8:15, 8:32 ఒక రకం, 9:12, 10:20, 10:27 ఇంకో రకం. ఒకచోట ఫరో తన హృదయాన్ని కఠినపరచుకొన్నాడు, ఇంకోచోట యెహోవా కఠినపరచాడు. ఆ "కొను" ఉందా లేదా అన్నదాని మీద ఎన్ని శతాబ్దాల గొడవ నడిచిందో, మన వ్యాకరణంలో రెండక్షరాలు. దేవుడే కఠినపరిస్తే పాపం ఫరో ఏం చేస్తాడు, అతని స్వభావమే అంత అని నాస్టిక్కులు అడిగారు. ఆరిజెన్ జవాబులు చాలా ఇస్తాడు, అందులో నిలిచిపోయేది ఎండ ఉదాహరణ. ఒకటే ఎండ మైనాన్ని కరిగిస్తుంది, బురదని గట్టిపరుస్తుంది. ఒకటే వాన దున్నిన నేలలో పంట, దున్నని నేలలో ముళ్ళు. ఎండ ఒకటే, తేడా పడ్డచోట ఉంది. చదివి ఆహా అనుకున్నాక ఒక నిమిషం ఆగి ఆయన్ని అడగండి, మరి మైనాన్ని మైనంగా బురదని బురదగా చేసింది ఎవరు? ఆరిజెన్‌కి ఈ ప్రశ్న ముందే తెలుసు, అందుకే ఆత్మలన్నీ ఒకప్పుడు సమానంగా ఉండి, తమ ఎంపిక వల్లే వేరే వేరే స్థాయిలకి జారాయి అన్న ఆలోచన దాకా వెళ్ళాడు, చివరికి అన్నీ దేవుడి దగ్గరికి తిరిగొస్తాయన్న ఆశ దాకా కూడా. కర్మ సిద్ధాంతంతో పెరిగినవాళ్ళకి ఇది ఎక్కడో విన్నట్టే అనిపిస్తుంది, పోలిక చూసుకోండి గానీ రెండూ ఒకటే అనెయ్యకండి. చర్చి మాత్రం తర్వాత ఆ ఆలోచనల్ని తోసేసింది, 553లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభ ఆయన పేరునే తప్పుబోధకుల లిస్టులో పెట్టింది.

ఒక హెచ్చరిక, ఈ పుస్తకం మొత్తంగా మనకి దొరికేది రుఫినస్ అనే ఆయన 398లో చేసిన లాటిన్ అనువాదంలోనే, ఇబ్బందిగా ఉన్న చోట్ల సరిచేశానని ముందుమాటలో ఆయనే చెప్పుకున్నాడు. అదృష్టం ఏంటంటే ఈ 3.1 అధ్యాయం గ్రీకులో కూడా మిగిలింది, పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు అనువాదాల సిరీస్‌లో రెండూ ఇచ్చారు. పక్కపక్కన పెట్టి ఒక పేజీ పోల్చండి, మిగతా పుస్తకాన్ని ఎంత నమ్మాలో మీకే తెలుస్తుంది.

ఐరేనియస్‌ది ఒక్క ముక్క చాలు, 180 ప్రాంతంలో రాసిన అగైన్‌స్ట్ హెరెసీస్‌లో 4.38. దేవుడు మనిషిని మొదట్లోనే పూర్తిగా తయారుచేసి ఉండొచ్చుగా అంటే, తల్లి చంటిపిల్లకి గట్టి అన్నం పెట్టగలదు, పిల్లే తినలేదు అంటాడు. మనిషి ఎదగాలి, ఎదగడానికి టైం పడుతుంది. పడిపోయిన మనిషి అనే బొమ్మ కన్నా ఎదుగుతున్న మనిషి అనే బొమ్మ నాకు ఎప్పుడూ దగ్గరగా అనిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దంలో జాన్ హిక్ అనే తత్వవేత్త దీని పేరు మీద పెద్ద సిద్ధాంతమే కట్టాడు, అది చదివి ఐరేనియస్ అంతా అదే అనుకోకండి, ఆయన ఆదాము పాపాన్ని తేలిగ్గా ఏం తీసుకోలేదు.

ఇప్పుడు అసలు చిక్కుముడి. ఎవోడియస్‌తో సంభాషణ పుస్తకం అగస్టీన్ 388లో మొదలెట్టి 395 నాటికి పూర్తిచేశాడు. ఎదురుగా మానీ మనుషులు, కాబట్టి ప్రతి పేజీలో నీ సంకల్పం నీ చేతుల్లో ఉంది, తప్పు నీదే, సాకులు చెప్పకు అన్న ధోరణి. (అగస్టీన్ పాత ఇంగ్లీషు అనువాదాలున్న షాఫ్ సిరీస్‌లో ఈ పుస్తకం లేదు, వెతుక్కుని టైం వేస్ట్ చేసుకోకండి, థామస్ విలియమ్స్ అనువాదం ఉంది.) తర్వాత 396 ప్రాంతంలో సింప్లీషియన్ అనే పెద్దాయన రోమీయులకు 9వ అధ్యాయం గురించి అడిగాడు, "ఎవనిని కనికరింప గోరునో వానిని కనికరించును" అన్న చోటు. స్వేచ్ఛని నిలబెట్టాలని గట్టిగానే ప్రయత్నించాను గానీ దేవుని కృపే గెలిచింది అని ముసలితనంలో వెనక్కి చూసుకుని రాసుకున్నాడు. తర్వాత పెలేజియస్ వచ్చాడు, బ్రిటన్ నుంచి రోమ్ చేరిన సన్యాసి లాంటి మనిషి, క్రమశిక్షణ అంటే ప్రాణం. కన్ఫెషన్స్ 10వ పుస్తకంలో నువ్వు ఆజ్ఞాపించేది నువ్వే ఇవ్వు, తర్వాత ఏం కావాలంటే అది ఆజ్ఞాపించు అని ఒక ప్రార్థన ఉంది, ఒక బిషప్ దాన్ని చదివి వినిపిస్తే పెలేజియస్‌కి ఒళ్ళు మండిపోయిందట. నిజమే కదా, అన్నీ దేవుడే ఇవ్వాలంటే మనం ఎందుకు పొద్దున్నే లేవడం? పైగా స్వేచ్ఛ గురించి అగస్టీన్ రాసిన ఆ పాత పుస్తకాన్నే తీసి ఇదిగో నువ్వే అన్నావ్ అని చూపించాడు. డెబ్బై దాటిన అగస్టీన్ తన పాత పుస్తకాలన్నీ ముందేసుకుని ఒక్కోదాని మీద రిట్రాక్టేషన్స్ రాస్తూ, నేనప్పుడు మానీ మనుషులతో మాట్లాడుతున్నా, కృప అక్కడ చర్చే కాదు అని వివరణ ఇచ్చుకున్నాడు. పైన పెన్సిల్‌తో పేరు రాసుకోమన్నది ఇందుకే.

ఇక్కడ చదివే పద్ధతి చెప్తా, ముందు పెలేజియస్‌ని ఆయన మాటల్లోనే చదవండి, డెమెట్రియాస్ అని 413 ప్రాంతంలో సన్యాసవ్రతం తీసుకున్న పెద్దింటి అమ్మాయి, ఆమెకి రాసిన ఉత్తరం దొరుకుతుంది. చదివితే ఎవరికైనా ఇందులో తప్పేముంది అనిపిస్తుంది, అనిపించాలి కూడా. ఆ తర్వాత అగస్టీన్‌ని చదివితే ఆయన పట్టు ఎక్కడుందో తెలుస్తుంది, అలవాటు సంకెళ్ళు వేసుకున్నవాడికి నువ్వు లేవగలవు లే అని చెప్పడం సాయం కాదు అని. ఇంతవరకూ నేను అగస్టీన్ వైపే. కానీ బాప్తిస్మం లేకుండా పోయిన పసికందులకి కూడా శిక్ష తప్పదని ఆయన చివర్లో అన్నది నాకు ఇప్పటికీ మింగుడు పడదు, పడనక్కర్లేదు కూడా. 418లో కార్తేజ్ సభ పెలేజియస్ బోధని ఖండించింది, 529లో ఆరెంజ్ అనే ఊళ్ళో జరిగిన సభ కృప గురించి అగస్టీన్ మాటే నిలబెట్టింది గానీ దేవుడు కొందరిని చెడుకోసమే ముందుగా నిర్ణయించాడు అనేవాళ్ళని శపించింది. గ్రీకు మాట్లాడే తూర్పు చర్చి అసలు ఈ దారిలోకి రాలేదు. కాబట్టి ఆదిమ క్రైస్తవులు ఇలా అన్నారు అని ఒకే వాక్యంలో ఎవరైనా చెప్తే వెంటనే ఏ ఊరు, ఏ సంవత్సరం అని అడగండి.

దేవుని ఏర్పాటు గురించి చదవాలంటే బోథియస్ దగ్గరికి రండి, కాలం ప్రకారం కాస్త చివరివాడు గానీ అందరి ప్రశ్నలూ ఒకచోట పోగేశాడు. 510లో కాన్సుల్ (రోమ్‌లో పెద్ద గౌరవ పదవి), 522లో ఇద్దరు కొడుకులూ ఒకేసారి కాన్సుల్స్, ఆ తర్వాత రాజద్రోహం కేసులో జైలు, 524 ప్రాంతంలో మరణశిక్ష. కన్సొలేషన్ ఆఫ్ ఫిలాసఫీ రాసింది ఆ మధ్యలో. క్రైస్తవుడే అయినా పుస్తకంలో క్రీస్తు పేరు ఎక్కడా రాదు, ఎందుకన్నది ఇప్పటికీ తెగని గొడవ. 4వ పుస్తకంలో ఒకే మధ్యబిందువు చుట్టూ తిరిగే వలయాల పోలిక వస్తుంది, నేను దాన్ని తిరగలిలా ఊహించుకుంటా, మేకు దగ్గర కదలిక లేదు, అంచుకి పోయేకొద్దీ గిరగిరా. ఎంత మధ్యకి జరిగితే అంత విధి పట్టు నుంచి బయటపడతావ్ అంటాడు. 5వ పుస్తకంలో అసలు ప్రశ్న, రేపు నేను చేసేది దేవుడికి ముందే తెలిస్తే నేను వేరేలా చెయ్యగలనా? ఆయన జవాబు, దేవుడికి ముందు అనేదే లేదు, కాలం మొత్తం ఒక్కసారిగా కళ్ళ ముందు ఉంటుంది. ఎదురుగా ఒకడు నడుస్తుంటే మీరు చూస్తున్నారు, మీరు చూడడం వల్ల వాడు నడవట్లేదు కదా. ఇక్కడ ఆగి ఈ పోలిక ఎక్కడ కుంటుతుందో ఒక పేజీ రాయండి, నా పేజీలో ఉన్న అభ్యంతరం ఒకటే, చూసేవాడు సృష్టికర్త కూడా అయితే ఊరికే చూస్తున్నట్టు ఎలా అవుతుంది?

ఇంకో మాట, ఇవన్నీ చదివి చావు ఇంటికి వెళ్ళి వల్లెవేయకండి. మా చుట్టాల్లో ఒకరు పోయినప్పుడు ఒకాయన వచ్చి అంతా దేవుని చిత్తం, మంచికే అని అరగంట మాట్లాడాడు, ఆ తల్లి మొహం నాకు ఇంకా గుర్తుంది. స్నేహితుడు పోయినప్పుడు ఎటు చూసినా చావే కనిపించిందని కన్ఫెషన్స్ 4వ పుస్తకంలో అగస్టీన్ కూడా రాశాడు, అక్కడ లోటు సిద్ధాంతంతో తనని తాను ఓదార్చుకోలేదు.

చివరగా సిటీ ఆఫ్ గాడ్ 12వ పుస్తకం, 6, 7 అధ్యాయాలు. 410లో రోమ్‌ని గోత్‌ల రాజు అలారిక్ దోచుకున్నాక మొదలెట్టిన 22 పుస్తకాల కొండ అది, మొత్తం ఇప్పుడే వద్దు. ఈ రెండు అధ్యాయాల్లో పాత బేరిపళ్ళ ప్రశ్నే తిరిగొస్తుంది, మొట్టమొదటి చెడు సంకల్పానికి కారణం ఏంటి? జీవితమంతా ఈ ప్రశ్న వెంట పడ్డ మనిషి ఇక్కడ ఏమంటాడంటే దానికి కారణం వెతకడం చీకటిని చూడాలనుకోవడం, నిశ్శబ్దాన్ని వినాలనుకోవడం లాంటిది, చేసే కారణం లేదు, లోటే ఉంది. మొదటిసారి చదివినప్పుడు ఆ పేరా పక్కన "తప్పించుకున్నాడు" అని రాశా. రెండోసారి చదివి దాన్ని కొట్టేశా. మొన్న మూడోసారి చదివి మళ్ళీ రాశా, ఈసారి పక్కన ప్రశ్నార్థకం పెట్టా.